రెండు రాత్రులు, ఒకే కొండ



తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఇంటికి చుట్టాల రాక ఆగదు. దర్శనానికని హైదరాబాదు నుంచి చిన్నాయన వాళ్లు వస్తారు. వాళ్లు బండెక్కీ ఎక్కకముందే మద్రాసు నుంచి వదినగారి పుట్టింటివాళ్లు దిగుతారు. పరుపులు పరవడం, నీళ్లు కాచడం, మొబ్బున లేచి కొండకు పోయేవాళ్లకు పులిహోర పొట్లాలు కట్టివ్వడం. ఇది మనకు భారం కాదు. స్వామి పాదాల దగ్గర ఉన్నందుకు దక్కిన భాగ్యమనే అనుకుంటాం. అయినా ఒక్క మాట అడుగుతాను. దేశమంతా సెలవులకు మన ఊరు వస్తుంది కదా, మరి మనం సెలవుకు ఎక్కడికి పోతాం?

చాలామందిమి ఎక్కడికీ పోం. పోయినా, వాకిట్లో బండి కదిలింది మొదలు పరుగే. మూడు రోజుల్లో ఆరు ఊళ్లు, తొమ్మిది గుళ్లు. ఎక్కడ దిగామో, ఎక్కడ తిన్నామో గుర్తుండదు. ఇంటికొచ్చాక రెండు రోజులు పడుకుంటే గాని ఒళ్లు స్వాధీనంలోకి రాదు. యాత్ర యాత్రే, దాని పుణ్యం దానిది. నేను యాత్రను తక్కువ చేయడం లేదు. కానీ ఒళ్లూ మనసూ తేరుకోవడానికి తీసుకునే సెలవు వేరు. ఆ సెలవు గురించే ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను. చలికాలంలో, పసిపిల్లల నుంచి అవ్వాతాతల దాకా ఇంటిల్లిపాదీ కలిసి, తొందర లేకుండా గడిపే సెలవు.

దానికి మన దగ్గరే ఒక కొండ ఉంది. హార్స్‌లీ హిల్స్. మదనపల్లె పక్కన. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు మదనపల్లె చిత్తూరు నుంచి వేరైంది. కాగితం మీద వేరైనా ఆ మాటతీరు, ఆ సంగటి, ఆ ఊరిబిండి మనవే. తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున టిఫిను చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి కొండ మీద ఉంటారు.

పిల్లలు దీనికి ఒప్పుకుంటారా అని మీ సందేహం. ఈ కాలం పిల్లలకు చలికాలం సెలవు అంటే మంచు. సినిమాల్లో చూస్తున్నారు, ఫోన్లలో చూస్తున్నారు. తెల్లటి కొండ వాలు, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని దాని మీద సర్రున జారిపోయే మనుషులు. దాన్ని స్కీయింగ్ అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు డిసెంబరు సెలవులకు అట్లాంటి చోట్లకే పోతారు. న్యూజెర్సీ వాళ్లు పోకనోస్ కొండలకు, కాలిఫోర్నియా వాళ్లు లేక్ టాహోకు. మీ అమ్మాయో అబ్బాయో అక్కడ ఉంటే ఈపాటికి ఫొటోలు వచ్చే ఉంటాయి. మనవడు ఉబ్బెత్తు కోటు తొడుక్కుని మంచులో వెల్లకిలా పడి నవ్వుతూ ఉంటాడు.

మన దేశంలోనూ అట్లాంటి చోట్లు ఉన్నాయి. కాశ్మీరులో గుల్మార్గ్. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన ఔలీ. హిమాచల్‌లో మనాలి దగ్గర సోలంగ్ లోయ. పోగలిగినవాళ్లు తప్పకుండా పోయి రండి, చూడవలసినవే. కానీ అవ్వాతాతలను, మూడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని పోయేటప్పుడు కాస్త ఆలోచించాలి. తిరుపతి నుంచి అక్కడికి చేరడానికే పోనూ రానూ నాలుగు రోజులు ప్రయాణంలో పోతాయి. గుల్మార్గ్‌లో తీగ మీద పోయే గొండోలా ఎక్కితే పైమెట్టు దగ్గర దగ్గర 13,000 అడుగుల ఎత్తు. అక్కడ గాలి పలచన. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకు ఊపిరి అందదు. ఇంత ఖర్చుపెట్టి పోయినా మంచు కురిసి ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నెల చాలావరకు మంచే లేకుండా గడిచింది. గదులు మాట్లాడుకున్నవాళ్లు వట్టి మట్టి వాలు చూసి తిరిగొచ్చారు.

అయితే అమెరికా లాంటి దేశాల్లో కుటుంబాలు మంచు కొండలకు పోయే పద్ధతిలో మనం నేర్చుకోదగిన సంగతి ఒకటుంది. వాళ్లు ఊరూరూ తిరగరు. ఒకే చోటికి పోయి, ఒకే గదిలో దిగి, అక్కడే రోజుల తరబడి ఉంటారు. పిల్లలకు వేరే చిన్న వాలు ఉంటుంది, నేర్పే మనిషి ఉంటాడు. వయసువాళ్లు పెద్ద వాలుకు పోతారు. పెద్దవాళ్లు నెగడు దగ్గర కూర్చుని వేడివేడిగా ఏదో తాగుతుంటారు. భోజనం వేళకు అందరూ ఒకచోట చేరతారు. అందరూ ఒకే పని చేయాలని లేదు, అందరూ అన్నీ చూడాలని లేదు. కుటుంబంతో పోవడానికి అనువైన చోటు అంటే నా లెక్కలో ఇదే. దీనికి మంచు అక్కర్లేదు. మన కొండ చాలు.

మన కొండ మీద మంచు ఎందుకు కురవదని పిల్లలు అడుగుతారు. చెప్పండి, విని తీరతారు. పైకి పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు. అంటే కిలోమీటరుంబావు. మన తిరుమల కన్నా ఎత్తే. తిరుపతిలో పగటిపూట చెమట పడుతున్నా కొండ మీద చల్లగా ఉండేది అందుకే. కానీ మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. మన తావున మంచు కురవాలంటే కొండ ఇంతకు మూడు నాలుగింతలు ఎత్తుండాలి. ఊటీ మనకన్నా చాలా ఎత్తు, అయినా అక్కడ కూడా తెల్లారి గడ్డి మీద తెల్లటి పొర కనిపిస్తుందే గాని మంచు కురవదు. ఈ లెక్క కొండ ఎక్కుతూ చెబితే పిల్లలకు భలే పడుతుంది. కిందున్నప్పుడు ఎంత వేడి, పైకి వచ్చాక ఎంత చల్లదనం అని వాళ్లే చూసుకుంటారు.

చల్లగాలి కోసం ఈ సీమకు రావడం ఇవాళ మొదలైంది కాదు. 1870 ప్రాంతంలో డబ్ల్యు. డి. హార్స్‌లీ అనే కడప కలెక్టరు వేసవి ఎండకు తాళలేక ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. కలెక్టరు పేరు కొండకు నిలిచిపోయింది గాని, చుట్టుపక్కల పల్లెల్లో దానికి అంతకుముందే పేరుంది. ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్ల ఈ అడవిలో ఉండేదట. ఏనుగులు ఆ పిల్లకు తిండి తెచ్చి పెట్టి సాకేవట. ఆపదలో ఉన్నవాళ్లను ఆ పిల్ల ఆదుకునేదట. ఒకనాడు కనిపించకుండా పోయిందట. జనం గుడి కట్టారు. కొండ మీద ఆ గుడి ఉంది. పిల్లలకు ఈ కథ చెప్పి ఆ గుడికి తీసుకుపోండి. ఏనుగు పెంచిన పిల్ల అంటే వాళ్లకు వేరే ఆట వస్తువు అక్కర్లేదు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు మీరు రేడియోలోనే విని ఉంటారు. చలికాలం వాతావరణ వార్తల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత ఆరోగ్యవరంలో నమోదైందని చెబుతుంటారు. 1915 నుంచి అక్కడ క్షయ రోగుల శానిటోరియం నడిచింది. క్షయకు మందు లేని కాలం అది. పొడిగా, చల్లగా ఉండే గాలే వైద్యమని నమ్మిన రోజులు. ఫ్రిమొడ్ మోలర్ అనే డేనిష్ డాక్టరు ఆ ఆస్పత్రిని పెంచి పెద్ద చేశాడు. దేశం నలుమూలల నుంచి రోగులు ఈ గాలి కోసం వచ్చేవాళ్లు. గాలి మార్పు కోసం జనం అంత దూరం నుంచి వచ్చిన చోటికి మనం నాలుగు గంటల్లో పోగలం. పోం. అదే నా బాధ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ సెలవుకు సూత్రం ఒకటే. రెండు రాత్రులు, ఒకే చోటు. ఇంకోసారి చెబుతున్నాను. రెండు రాత్రులు, ఒకే చోటు. ఒక రాత్రికి పోతే ఎక్కడం, దిగడంతోనే సరిపోతుంది. మూడు నాలుగు చోట్లు కలుపుకుంటే మళ్లీ పరుగే.

ఎప్పుడు పోవాలి? మన జిల్లాలకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాన్లు కూడా ఆ నెలల్లోనే. 2021 నవంబరులో తిరుపతి మునిగిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి నవంబరులో గది మాట్లాడుకోవద్దు. డిసెంబరు సగం దాటితే ఫరవాలేదు. నా మాట వింటే సంక్రాంతి అయిపోయాక పోండి. జనవరి మూడో వారం, నాలుగో వారం. ఆకాశం తేటపడి ఉంటుంది. తెల్లారుజామున పొగమంచు, తొమ్మిదింటికల్లా వెచ్చటి ఎండ. పండగ హడావుడి అయిపోయి ఆడవాళ్లకు కాస్త ఊపిరి ఆడే వేళ అది. ఇంటి ఇల్లాలికి సెలవు దక్కని సెలవు సెలవే కాదు. అరిసెలు, మణుగుబూలు వండి వడ్డించి అలిసిన చేతులకు కొండ మీద రెండు రోజులు పని లేకుండా ఉండాలి.

బడి ఉన్న పిల్లలుంటే ఒక చిక్కుంది. శని, ఆదివారాల్లో బెంగళూరు జనం కొండంతా నిండిపోతారు. బెంగళూరు నుంచి కూడా ఇది దగ్గరే. కార్లు బారులు తీరుతాయి, గదులు దొరకవు. అందుకని వీలైతే ఆదివారం మధ్యాహ్నానికి పైకి చేరండి. వాళ్లు దిగేవేళకు మీరు ఎక్కుతారు. సోమవారం, మంగళవారం రెండు రోజులు పిల్లలకు బడి సెలవు అడగండి. సంవత్సరంలో ఆ రెండు రోజులకు చదువు కొట్టుకుపోదు. పైన పర్యాటక శాఖ వాళ్ల హరిత రిసార్టు ఉంది. గదులు ముందే మాట్లాడుకోవాలి. మాట్లాడేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. పెద్దవాళ్లకు మెట్లు ఎక్కే పని లేని గది కావాలని అడగండి. వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో అడగండి. మరుగుదొడ్డి కూర్చోవడానికి వీలుగా ఉంటుందా అని అడగండి. మోకాళ్ల నొప్పులున్న అవ్వకు ఆ ఒక్కటి బాగుంటే సెలవంతా బాగున్నట్టే.

దారి గురించి చెబుతాను. తిరుపతి నుంచి రంగంపేట మీదుగా భాకరాపేట, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె. మదనపల్లె నుంచి కదిరి దారి పట్టి అంగళ్లు దాటాక కొండకు మలుపు. భాకరాపేట కనుమ పగటిపూటే దాటండి. దీన్ని రెండుసార్లు చెబుతాను. భాకరాపేట కనుమ పగటిపూటే దాటండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు రాత్రివేళ ఆ లోయలో పడింది. సెలవుకు పోయేవాళ్లకు చీకట్లో కనుమ ఎక్కవలసిన తొందర ఏముంటుంది?

భాకరాపేట చేరగానే కారులో ఒకరంటారు, తలకోన ఇటే కదా, జలపాతం చూసేసి పోదామని. వద్దు. తలకోన మంచి చోటు, దానికి వేరే రోజు పెట్టుకోండి. వాయల్పాడు దగ్గరికి వచ్చాక ఇంకొకరంటారు, గుర్రంకొండ కోట పక్కనే కదా అని. అదీ వద్దు. దారిలోనే కదా అన్న మాట దగ్గరే మన సెలవులన్నీ చెడిపోతున్నాయి. పీలేరులో దిగి కాఫీ తాగండి, కాళ్లు చాపుకోండి. వాయల్పాడులో పట్టాభిరామస్వామి గుడిలో అవ్వకు దణ్ణం పెట్టుకోవాలని ఉంటే పెట్టుకోనివ్వండి. అంతటితో చాలు.

కారు లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు. తిరుపతి నుంచి మదనపల్లెకు ఆర్టీసీ బస్సులు రోజంతా ఉంటాయి. అక్కడి నుంచి కొండకు పోయే బస్సులు తక్కువ. వేళలు మదనపల్లె బస్టాండులో కనుక్కుని, కుదరకపోతే ఆటోయో కారో మాట్లాడుకోండి. మరి రైలు? మదనపల్లె రోడ్డు అనే స్టేషను ఉంది గాని, అది ఊరికి దూరం. సామాన్లతో, పిల్లలతో బస్సే మేలు.

ఘాట్ మలుపుల్లో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. బయల్దేరే ముందు నూనె వస్తువులు పెట్టకండి. ఇడ్లీ చాలు. ఫోను చేతికివ్వకండి. తల వంచి ఫోను చూస్తే తప్పకుండా వాంతి అవుతుంది. కిటికీలోంచి దూరంగా కొండల వంక చూడమనండి. ఒక నిమ్మకాయ, రెండు ప్లాస్టిక్ సంచులు ముందు సీటులో ఉంచుకోండి.

బట్టలు. రాత్రిళ్లు చలి గట్టిగానే ఉంటుంది. గాలి తోడైతే ఇంకా ఎక్కువ. ఒక లావుపాటి స్వెట్టరు కన్నా రెండు పలచటి చొక్కాలు, పైన ఒక స్వెట్టరు మేలు. పగలు ఎండ వచ్చాక ఒక్కొక్కటీ తీసేయవచ్చు. పెద్దవాళ్లకు కుల్లాయి, సాక్సులు, శాలువా. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలరు, బీపీ మాత్రలు, చక్కెర మాత్రలు చేతిసంచిలో ఉండాలి, కారు డిక్కీలో కాదు. పెద్ద ఆస్పత్రి కావాలంటే మదనపల్లెకు దిగాలి. సుమారు 30 కిలోమీటర్లు. ఒక ఫ్లాస్కు, ఒక టార్చి మరిచిపోకండి.

పైకి చేరాక ఏం చేయాలి? మొదటి పూట ఏమీ చేయకండి. భోంచేసి పడుకోండి. నీలగిరి చెట్ల వాసన పీలుస్తూ కాసేపు నడవండి. కల్యాణి అని పేరు పెట్టిన నీలగిరి చెట్టు కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. 1859లో నాటారట. 1995లో కేంద్ర ప్రభుత్వం దానికి మహావృక్ష పురస్కారం ఇచ్చింది. చెట్టుకు బిరుదు ఇవ్వడం పిల్లలకు వింతగా ఉంటుంది, బాగానూ ఉంటుంది.

మరునాడు పొద్దున గాలిబండకు పోండి. కొండ అంచున పరుచుకున్న పెద్ద బండ అది. పేరుకు తగ్గట్టే అక్కడ గాలి ఆగదు. చీర కొంగులు, తువ్వాళ్లు చేతిలో నిలవవు. మాట్లాడితే పక్కనున్నవాళ్లకు సగమే వినిపిస్తుంది. పిల్లలు చేతులు చాపి గాలి మీద వాలబోతారు. కింద చెరువులు, చేలు, పల్లెలు పొగమంచులోంచి ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. చూడ్డానికి మహా బాగుంటుంది. కానీ జాగ్రత్త. తెల్లారి ఆ బండ మంచుకు తడిసి నున్నగా జారుతుంది. వాలు ఎక్కడ మొదలైందో తెలియనే తెలియదు. పిల్లల చెయ్యి వదలకండి, అంచు దగ్గర ఫొటోలు తీసుకోకండి. ఎండ వచ్చి బండ ఆరాక పోతే ఇంకా మంచిది. చేతిలో తినుబండారాలు పట్టుకుని తిరగవద్దని తిరుపతి వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తిరుమల కోతులను చూసినవాళ్లం కదా.

అవ్వాతాతలు గాలిబండకు రాకపోయినా ఏమీ కాదు. వాళ్లు గది ముందు ఎండలో కూర్చుంటారు. వాళ్లను లాక్కుని పోకండి. ఇందాక చెప్పాను కదా, అందరూ అన్నీ చూడనక్కర్లేదు. మధ్యాహ్నం అందరూ ఒకచోట ఉంటే చాలు.

ఆ మధ్యాహ్నానికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. దారిలో పీలేరులోనో మదనపల్లెలోనో అనపకాయలు కొనండి. ఈ కాలంలో కుప్పలు పోసి అమ్ముతుంటారు. చలిమంచుకు తడిసిన కాయకే సొన ఎక్కువ, వాసన ఎక్కువ. గోరు గుచ్చగానే వేళ్లకు అంటుకుంటుంది. ఆ వాసన సాయంత్రం దాకా పోదు. వరండాలో ఒక దుప్పటి పరిచి కాయలు మధ్యన పోయండి. అవ్వ ఒలుస్తుంది, మనవరాలు ఒలుస్తుంది, ఎప్పుడూ ఒలవని నాన్న కూడా ఒలుస్తాడు. పురుగు కనిపిస్తే చిన్నది కేక పెడుతుంది. చేతులు కదులుతుంటే మాటలు అవే వస్తాయి. అవ్వ తన పెళ్లి సంగతులు చెబుతుంది. ఆ రాత్రి గింజలు నీళ్లలో నానబెట్టండి. దిగే రోజు పొద్దున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కొక్క గింజ నొక్కితే, పొట్టు చేతిలో మిగిలి పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. ఎవరి గింజ దూరం పోతుందో అని పిల్లలు పందెం వేసుకుంటారు. ఇంటికి చేరాక ఆ రాత్రికి పితికిపప్పు, రాగి సంగటి. చిత్తూరు సీమలో చలికాలం రుచి ఇదే. పిల్లలు ఫోను అడగని మధ్యాహ్నం ఒకటి ఇట్లా దొరుకుతుంది.

కొండ మీద చూడ్డానికి పెద్దగా ఏముంది అని కొందరు పెదవి విరుస్తారు. చిన్న జంతుశాల, పార్కు, చెరువు, గాలిబండ, గుడి. నిజమే, అంతే. చూడవలసినవి తక్కువ కాబట్టే కూర్చోవడానికి వేళ దొరుకుతుంది. కుటుంబంతో పోయేవాళ్లకు దీన్ని మించిన సుగుణం లేదు.

మూడో రోజు పొద్దున ఎండ ఎక్కాక నింపాదిగా దిగండి. మదనపల్లెలో ఒక గంట ఆగితే ఆగండి. టమోటా మార్కెట్టు చూపిస్తే పిల్లలు నోరు తెరుస్తారు. పట్టు చీరలు చూడాలనుకుంటే నీరుగట్టువారిపల్లె ఉంది, మగ్గాల ఊరు. నన్నడిగితే బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ముందు ఆగమంటాను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ కొన్నాళ్లు విడిది చేశాడు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆహ్వానం మీద వచ్చాడు. జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి ఆయన తర్జుమా చేసింది అక్కడే. కజిన్స్ భార్య మార్గరెట్ దాని స్వరాలు రాసింది. బడిలో రోజూ పాడే పాటకు, తాము నిలబడ్డ నేలకు ఇంత సంబంధం ఉందని తెలిస్తే పిల్లలు ఆ పాట ఇంకో తీరుగా పాడతారు.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా మదనపల్లెలోనే. ఆయన స్థాపించిన రిషీవ్యాలీ బడి ఆ కొండల నడుమ లోయలోనే ఉంది. అది పిల్లలు చదువుకునే చోటు. చూడాలనుకుంటే ముందుగా రాసి అనుమతి అడగాలి. గేటు దగ్గరికి పోయి అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టవద్దు. వెలుగుండగానే కనుమ దాటాలి కాబట్టి మధ్యాహ్నం రెండింటికల్లా మదనపల్లె వదలండి.

ఖర్చు మాట. ఔలీకో గుల్మార్గ్‌కో ఇంటిల్లిపాదీ పోయే డబ్బుతో ఈ కొండకు ఎన్నో ఏళ్లు పోయి రావచ్చు. ఒకే చోటికి ఏటేటా పోవడంలో ఒక అందం ఉంది. పిల్లలకు ఆ కొండ తమదనిపిస్తుంది. పోయిన ఏడు ఎక్కలేని రాయి ఈ ఏడు ఎక్కుతారు. తాత కూర్చున్న బల్ల ఎక్కడుందో వాళ్లకు తెలుస్తుంది. పైకి తీసుకుపోయిన ప్లాస్టిక్ సీసా, కవరు మళ్లీ కిందికి తెచ్చే అలవాటు కూడా అట్లానే వస్తుంది. మనదనుకున్న చోట ఎవరూ చెత్త వేయరు.

డబ్బు లేకపోవడం కన్నా, వేళ లేకపోవడం కన్నా, పెద్దవాళ్ల వంకతో మనం ఎక్కువ సెలవులు మానేస్తున్నాం. అవ్వకు చలి పడదు, తాత అంత దూరం రాలేడు అని మనమే తేల్చేస్తాం. వాళ్లను అడగం. ఎండెక్కాక బయటికొచ్చి, మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం పొద్దు వాలకముందే గదిలోకి పోయే సెలవు ఇది. నడవగలిగిన పెద్దవాళ్లెవరైనా రాగలరు. డాక్టరు వద్దన్నవాళ్లు తప్ప.

అందుకని ఒక్కటే కోరుతున్నాను. ఈ రాత్రి భోజనాల దగ్గర ఫోనులో గదులు వెతకడం మొదలుపెట్టకండి. ముందు అవ్వను, తాతను అడగండి. ఏ వారం వీలవుతుంది, ఎన్ని గంటలు కూర్చోగలరు, ఏం తినాలనుంది అని అడగండి. తేదీ వాళ్లను చెప్పనివ్వండి. గది ఆ తర్వాత మాట్లాడుకుందురు గాని.